అద్దం ఎక్కని తేలు

బుధవారం మధ్యాహ్నం అక్క అద్దాల షాపుకి క్యారియరు తెచ్చింది. బల్ల మీద పెద్ద అద్దం పరిచి ఉంది. బావ అప్పుడే దాని మీద కత్తితో గీత గీసి, ఇంకా విరవకుండానే ఫోనెత్తి మాట్లాడుతున్నాడు. గీత పడ్డ అద్దాన్ని ఎవరూ తాకకూడదు, ఊపిరి తగిలినా దాని ఇష్టం దానిది. ఎండలో నడిచొచ్చిన అక్కకి కళ్ళు బైర్లు కమ్మి ఆ గీత కనపడలేదు. క్యారియరు తీసుకెళ్ళి బల్ల అంచున పెట్టింది. అద్దం టక్కుమని, గీత వెంట కాకుండా, ఏటవాలుగా మూలకి పగిలింది.

బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తొందరేమీ పడలేదు. గోడకి ఆనించిన టేకు స్కేలు అందుకున్నాడు. చేయంత పొడవు, అంచులకి ఇత్తడి రేకు, వాళ్ళ నాన్న వాడింది. రోజూ పొద్దున ఇంటి నుంచి తెచ్చి సాయంత్రం ఇంటికి పట్టుకుపోతాడు, పనివాళ్ళ మీద నమ్మకం లేక.

"చెయ్యి పెట్టు" అన్నాడు.

అక్క బడిపిల్లలా అరచెయ్యి చాపింది. అతను దాన్ని తిరగేసి కణుపుల మీద కొట్టాడు. మొదటి దెబ్బకి ఇత్తడి మోగింది. మూడో దెబ్బకి చిటికెన వేలు ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. అయినా లెక్క అయిదు అనుకున్నాడేమో, అయిదూ కొట్టాకే ఆపాడు. బీరువా అద్దం కోసం వచ్చిన కళ్ళజోడాయన అంతసేపూ గోడకున్న క్యాలెండరు చదివాడు. అయ్యాక గొంతు సవరించుకుని, "నాది ఎప్పటికవుతుందండీ?" అని అడిగాడు.

అక్క ముఖంలో ఏమీ మారలేదు. ఏడవలేదు, పెదవి కొరకలేదు. పక్కింటి గోడ పలచనని ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య అది. "చల్లారిపోతుంది, తినేయండి" అని క్యారియరు ముందుకు జరిపి, చేతిని చెంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. సానరాయి దగ్గర అంచులు అరగదీసే పెద్దాయన తల ఎత్తకుండానే "తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట" అన్నాడు. మిషను రొదలో అది అతనికీ, తమ్ముడికీ తప్ప ఎవరికీ వినపడలేదు.

తమ్ముడంటే అక్కకి సొంత తమ్ముడే. ముప్పై ఏళ్ళవాడు, బావ షాపులోనే పని, బావ ఇంట్లోనే ముందు గదిలో పడక. కొలత తప్పడని షాపులో అందరూ ‘మిల్లీమీటరు’ అంటారు. అక్కని కొడుతున్నంతసేపూ అతను రెండో బల్ల దగ్గర కిటికీ అద్దం కోస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక కోసిన ముక్కకి టేపు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తన చెయ్యి ఒక్కసారైనా వణకలేదని తెలిసి అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

*

గురువారం పొద్దున తమ్ముడు మూడడుగుల చేపల తొట్టె దింపడానికి పెంపుడు జంతువుల షాపుకి వెళ్ళాడు. షాపావిడకి యాభై ఉంటాయి. మోచేతుల దాకా పిల్లి గీతలు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఆవిడ తొట్టెలో నీళ్ళు పోసి ఎక్కడైనా కారుతుందేమో చూస్తుంటే, వెనక అరలో ప్లాస్టిక్ డబ్బాలు అతని కంట పడ్డాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో తేలు.

"వీటిని కూడా పెంచుతారా?"

"మనుషుల్నే పెంచుతున్నాం, వీటికేం?" అంది ఆవిడ.

"వీటిలో ఎక్కువ విషం దేనికి?"

ఆవిడ చెంబు పక్కన పెట్టింది.

"అంటే, కుడితే మనిషి పోయేది..."

"పెంచుకునేవాడు ముందు ఏం తింటుందని అడుగుతాడు. నువ్వు కుడితే ఏమవుతుందని అడుగుతున్నావు. ఎవరింట్లో వదులుదామని?"

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. రాత్రంతా బావ బూట్లే కళ్ళ ముందు మెదిలాయి. గుమ్మం పక్కన ఉండే నల్లతోలు బూట్లు. ఎడమది అని కూడా ఎంచుకున్నాడు, బావ ముందు వేసుకునేది అదే గనక.

"మా ఇంట్లోనే" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

"అలాంటివి నా దగ్గరుండవు. ఉన్నా నీకివ్వను" అందావిడ. కానీ పొమ్మనలేదు. కళ్ళజోడు పెట్టుకుని అతన్ని కాసేపు చూసి, అడుగు వరసలోంచి ఒక డబ్బా లాగింది. లోపల జానెడు పొడవున, నల్లగా నిగనిగలాడుతూ ఒకటి కూచుని ఉంది. ముందరి పట్టకార్లు పీత పట్టకార్లంత లావున్నాయి. చూడగానే అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మామూలుగా ఇదీ లెక్క" అంది ఆవిడ. "పట్టకార్లు సన్నగా, తోక లావుగా ఉంటే ఆమడ దూరంలో ఉండు. పట్టకార్లు లావుగా, తోక సన్నగా ఉంటే అది నొక్కి బతుకుతుంది, కుట్టి కాదు. అన్నిటికీ ఒకటే లెక్కని కాదు గానీ, ఈ నల్లది మాత్రం చూట్టానికి యముడు, కుడితే తేనెటీగ. కొందరి ఒంటికి తేనెటీగ కూడా పడదనుకో, అది వేరే సంగతి. మొదటిసారి పెంచేవాళ్ళకి ఇదే ఇస్తాను."

డబ్బా వంచి దాన్ని అతని అరచేతిలోకి నడిపించింది. ఎనిమిది కాళ్ళూ ఒక్కోటీ ఆచితూచి పడ్డాయి. దానికి బరువుంది. అతని చెయ్యి ఈసారీ వణకలేదు, కానీ ఈసారి అందుకు సిగ్గనిపించలేదు.

ఆ నిమిషంలోనే అతని ఆలోచన దారి మళ్ళింది. బావ చావక్కర్లేదు. భయపడితే చాలు.

"దీనికి ఏమేం కావాలి?" అని అడిగాడు. అప్పుడు ఆవిడ కూచోమని స్టూలు చూపించింది. అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి కొబ్బరిపొట్టు. మునిగిపోకుండా గులకరాయి వేసిన నీళ్ళ మూత. వారానికి రెండో మూడో పురుగులు. ఎండ తగలకూడదు, చలీ తగలకూడదు. పైన గాలాడే జాలీ, దాని మీద బరువు. "అన్నిటికంటే ముందు దాక్కోడానికి చోటు. చెక్కో, పెంకో, ఏదో ఒకటి. దాక్కునే చోటు లేకపోతే ఏ ప్రాణీ ఉన్నచోట నిలవదు."

"గోడలు ఎక్కుతుందా?"

"అద్దం ఎక్కలేదు."

"తప్పిపోతే?"

ఆవిడ లైటార్పి, సొరుగులోంచి చిన్న ఊదారంగు టార్చి తీసి వేసింది. నల్లతేలు ఒక్కసారిగా పచ్చగా వెలిగింది. అతనికి నవ్వొచ్చింది. అద్దాల జిగురు గట్టిపడటానికి తమ షాపులో వాడే టార్చి అదే.

"ముందు ఇల్లు కట్టు, తర్వాత తీసుకెళ్ళు" అంది ఆవిడ. "పెళ్ళిళ్ళు కూడా అలాగే చెయ్యాలి గానీ, మన మాట ఎవరు వింటారు?"

*

ఆ మధ్యాహ్నమే బావ కొలతలకి బయటికెళ్ళినప్పుడు పెట్టె కట్టాడు. అయిదు పలకలు కోసి, అంచులు పెద్దాయన చేత సాన పట్టించి, నిలబెట్టి, మూలల్లో సిలికాన్ జిగురు దించాడు. చూపుడు వేలు సబ్బునీళ్ళలో ముంచి మూల వెంట పైనుంచి కిందికి ఒక్క ఊపులో లాగితే పట్టీ నున్నగా దిగుతుంది. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. చేపల తొట్టెకైతే సన్నగా వేసేవాడు. దీనికి మాత్రం లోపల నాలుగు మూలలా లావుగా, తన చిటికెన వేలంత పట్టీ తిప్పి, అయ్యాక కాసేపు నిలబడి చూసుకున్నాడు. పులుపు వాసన పోయేదాకా రెండ్రోజులు ఆరనిచ్చాడు. కొబ్బరిపొట్టు వేశాడు, నీళ్ళ మూత పెట్టాడు. దాక్కునే చెక్క మాత్రం కావాలనే పెట్టలేదు. అది దాక్కుంటే బావకి కనిపించేదెలా?

శనివారం సాయంత్రం తేలుతో సహా పెట్టె ఇంటికొచ్చింది. హాల్లో స్కేలు తగిలించే మేకు కిందే పేపర్లు పెట్టుకునే బల్ల ఉంది. పేపర్లు తీసేసి పెట్టె అక్కడ పెట్టాడు. బావ వచ్చి, అలవాటు ప్రకారం మేకు వైపు చెయ్యెత్తి, కిందికి చూశాడు. స్కేలు చేతిలోంచి జారి నేల మీద పడింది. వెనక్కి గెంతిన గెంతుకి కుర్చీ తిరగబడింది.

"ఏంట్రా ఇది?"

"తేలు బావా. పెంచుకుందామని."

"తీసెయ్!"

"మీరే తీసెయ్యండి. మూత జాగ్రత్త. ఒక్కసారి కుడితే ఆసుపత్రి గుమ్మం దాకా కూడా పోరట."

బావ అతన్ని జుట్టు పట్టుకుని నుదురు గుమ్మానికేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. కనుబొమ్మ చిట్లి కంట్లోకి రక్తం కారింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. పెట్టెని మాత్రం ముట్టుకోలేదు, దాని వైపు వీపు కూడా తిప్పలేదు. "పొద్దున్నకల్లా ఇది ఇంట్లో ఉండకూడదు" అని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. తమ్ముడు లేచి, కన్ను తుడుచుకుని, స్కేలు తీసి దాని మేకుకే, పెట్టెకి సరిగ్గా పైన, తగిలించాడు. "స్కేలు దాని చోట పెట్టాను బావా" అని తలుపు బయట నుంచి చెప్పాడు.

తెల్లారింది. పెట్టె అక్కడే ఉంది. స్కేలు కూడా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి బావ షాపులో అల్యూమినియం స్కేలుతో పని కానిచ్చాడు.

"ఇదెందుకు తెచ్చావురా?" అంది అక్క అతని నుదుటికి దూది అద్దుతూ. చిటికెన వేలికి పుల్ల పెట్టి కట్టిన పట్టీ అతని చెంపకి గరుగ్గా తగిలింది. "ఆయన ఒక్కడు చాలడా?"

చెబుదామనుకున్నాడు. కానీ అక్క భయపడుతుంటేనే బావ నమ్ముతాడు. ఊడ్చేటప్పుడు ఆమె దూరం నుంచే పెట్టె మీద తువ్వాలు విసరడం, బావ అది చూడటం, అతను రెండిటినీ చూస్తూనే ఉన్నాడు. చెప్పకుండా ఊరుకున్నాడు.

సోమవారం రాత్రి కూరలో ఉప్పెక్కువైంది. బావ లేచి చెయ్యి మేకు వైపు ఎత్తాడు. నీడ పడగానే తేలు పట్టకార్లు రెండూ విప్పి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే కిందికొచ్చింది. కంచం తీసి గోడకేసి కొట్టి, కుర్చీని కాలితో తన్ని వెళ్ళిపోయాడు. అక్క గోడ తుడిచింది. తుడుస్తూ ఒకసారి పెట్టె వైపు తిరిగి చూసింది. ఆ పూట తమ్ముడికి తన జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదనిపించింది.

*

మంగళవారం షాపుకి సెలవు. పొద్దున లేచేసరికి పెట్టె ఖాళీగా ఉంది. జాలీ ఒక మూల లేచి ఉంది, దాని మీద బరువు పెట్టలేదు. ఆ మూలలో సిలికాన్ పట్టీ పొడవునా కొబ్బరిపొట్టు నలుసులు అంటుకుని ఉన్నాయి. తమ్ముడు వాటిని వేలితో తడిమి చూశాడు. అద్దం ఎక్కలేదని ఆవిడ చెప్పింది నిజమే. తను ముచ్చటపడి దిద్దిన పట్టీని మాత్రం మెట్లెక్కినట్టు ఎక్కింది. దాక్కోడానికి చోటు ఇవ్వలేదు గనక వెతుక్కుంటూ పోయింది.

బావ గదిలోంచి వస్తూ అది చూశాడు. ఒక్క గెంతులో హాల్లో ఉన్న మంచమెక్కాడు. అక్క వంటింట్లోంచి వచ్చేలోపే మంచం మీద నుంచి వంగి ఆమె జడ అందుకుని లాగాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది.

"మీ తమ్ముడు తెచ్చిన పురుగు. నువ్వే వెతుకు."

"నేను వెతుకుతా బావా, అక్కనొదలండి."

"నువ్వు లైటు పట్టుకో. చెయ్యి ఇది పెడుతుంది. నీ చెయ్యి పోతే నా షాపులో అద్దాలు కోసేదెవడ్రా?" అని ఆమె వీపు మీద కాలితో ఒక్క తాపు తన్నాడు. ఆమె గడ్డం నేలకి కొట్టుకుంది. పళ్ళలోంచి రక్తం వచ్చింది.

కిటికీలు మూసి దుప్పట్లు కట్టారు. పట్టపగలే గది చీకటైంది. తమ్ముడు షాపు నుంచి తెచ్చుకున్న ఊదా టార్చి వేశాడు. ఊదా వెలుగులో ఉతికిన చొక్కాలు తెల్లగా మెరిశాయి, దారప్పోగులు మెరిశాయి. అక్క మోకాళ్ళ మీద పాకుతూ మంచం కింద చెయ్యి పెట్టింది, బీరువా కింద పెట్టింది, పేపర్ల కట్ట కింద పెట్టింది. పెట్టిన ప్రతిసారీ మంచం మీద నుంచి "ఇంకా లోపలికి" అని బావ గొంతు.

గుమ్మం పక్కన పచ్చగా వెలిగింది. ఎడమ బూటులో.

"చెయ్యి పెట్టి తియ్" అన్నాడు బావ.

అక్కా, అది ఏమీ చెయ్యదు. ఈ నాలుగు మాటలూ తమ్ముడి నాలుక దాకా వచ్చాయి. అంటే ఆమె భయం పోతుంది. కానీ బావ భయం కూడా పోతుంది, సాయంత్రానికి స్కేలు మేకు దిగుతుంది. అనాలా, వద్దా? మిల్లీమీటరు ఇంకా కొలుస్తూనే ఉన్నాడు. ఈలోపు అక్క చెయ్యి పెట్టేసింది. పట్టీ కట్టిన చెయ్యే పెట్టింది, పోతే అదే పోనీ అనుకుందేమో.

బయటికి తీసేటప్పుడు గట్టిగా పట్టుకుంది. తోక వంగి, బొటనవేలి మొదట్లో దిగడం అతను స్పష్టంగా చూశాడు. మంచం మీది మనిషికి అది కనపడలేదు. తేలు కుట్టిన దొంగ అరవడంటారు. ఏ దొంగతనమూ చెయ్యని అక్క కూడా అరవలేదు. అదే ముఖం, బుధవారం నాటి ముఖం. దాన్ని అరచేతిలో నిలబెట్టుకుని లేచి, పెట్టె వైపు వెళ్ళకుండా మంచం వైపు నడిచింది.

"దొరికిందండీ."

"పెట్టెలో పెట్టు! ఇటెందుకొస్తున్నావ్?"

"చూస్తారని. నన్నేం చెయ్యట్లేదు, చూడండి."

బావ వెనక్కి జరిగి తల గోడకి కొట్టుకున్నాడు. దిండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క మంచం అంచు దాకా వెళ్ళి చెయ్యి ముందుకు చాపింది. ఆ రోజు షాపులో చాపినట్టే, అరచెయ్యి పైకి పెట్టి. తేలు ఒక అడుగు ముందుకేసింది. బావ గొంతులోంచి పిల్లవాడి ఏడుపు లాంటిదేదో వచ్చింది.

"వద్దే. దణ్ణం పెడతాను, వద్దు."

"బుధవారం నా వేలు విరిగింది. తెలుసా మీకు?"

"తెలుసు."

"కొట్టేటప్పుడే తెలుసా?"

అతను దిండు ఇంకాస్త పైకి జరుపుకున్నాడు. "తెలుసు."

"సరే" అంది అక్క. వెళ్ళి దాన్ని పెట్టెలో దింపి, మూత పెట్టి, మూత మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది.

*

వంటింట్లో తలుపు చేరవేసుకుని పంపు కింద చెయ్యి పెట్టుకుంది. బొటనవేలి దగ్గర ఎర్రగా ఉబ్బింది. పీట మీద కూచుని, తమ్ముణ్ణి దగ్గరికి రమ్మంది.

"నాకెంతసేపుంది?" అంది మెల్లగా.

"దేనికక్కా?"

"పోడానికి."

అతను నేల మీద కూలబడ్డాడు. "ఏం కాదక్కా. దాని విషం తేనెటీగంత. నేనే అబద్ధం చెప్పాను, ఆయన భయపడాలని."

అక్క చెయ్యి చాపి పంపు బిగించింది. "నీకు మొదట్నించీ తెలుసా?"

"తెలుసు."

"నేను చెయ్యి పెట్టేటప్పుడు కూడా తెలుసా?"

అతను తల వంచుకున్నాడు. అక్క మంచి చేత్తో చెంప మీద కొట్టింది. అదేం పెద్ద దెబ్బ కాదు. గుమ్మానికి కొట్టుకున్నప్పుడు రాని ఏడుపు అతనికి ఇప్పుడొచ్చింది.

"చచ్చిపోతాననుకునే పెట్టాన్రా" అంది. "బుధవారమూ నువ్వు ఊరుకున్నావు. ఇవాళా ఊరుకున్నావు."

"తప్పయిపోయింది."

"అయింది." చేతిని వెలుతురులోకి తిప్పి ఉబ్బు చూసుకుంది. నొక్కి చూసుకుంది. ముఖంలో మొదట ఆశ్చర్యం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చాలా ఏళ్ళకి ఆ ముఖంలో ఏదో ఒకటి రావడం అతను చూశాడు. "ఇంతేనా? దీనికా ఆయన దిండు చాటుకి పోయింది?" గోడ పలచన గనక చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది.

"ఆయనకి చెప్పకు."

"చెప్పను."

"ఇంతకీ అది ఏం తింటుంది?" అని అడిగింది.

*

బుధవారం పొద్దున్నే తమ్ముడు బ్లేడు పెట్టి మూలల్లోని సిలికాన్ పట్టీలన్నీ గీకేశాడు. జాలీకి నాలుగు వైపులా క్లిప్పులు బిగించాడు. దాక్కోడానికి చోటు కావాలని అక్కకి ముందు రోజే చెప్పాడు. పెంకు తెద్దామని లేస్తుంటే అక్క వచ్చి మేకుకున్న స్కేలు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"కొలిచి కొయ్యి. తేడా రాకూడదు."

ఇత్తడి దగ్గర రంపం కీచుమంది. పెద్ద గదిలో బావకి వినపడే ఉంటుంది, కానీ బయటికి రాలేదు. మూడు ముక్కలు చేసి, రెండు నిలబెట్టి, ఒకటి పైకప్పు వేశాడు. అక్క పుల్లతో తోలితే తేలు వెనక్కి నడుచుకుంటూ పోయి దాని కింద దూరింది. పట్టకార్ల కొసలు మాత్రం బయటికి కనపడ్డాయి.

బావ షాపుకి తయారై వచ్చి ఖాళీ మేకు వైపు చూశాడు.

"నా స్కేలేదీ?"

"పెట్టెలో ఉందండీ" అంది అక్క క్యారియరు గిన్నెలు పేరుస్తూ. "కావాలంటే చెయ్యి పెట్టి తీసుకోండి."

అతను పెట్టె వైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. తిరిగొచ్చి గుమ్మం దగ్గర కూచుని, బూట్లు రెండూ తిరగేసి నేలకేసి కొట్టాడు. ఎడమది రెండుసార్లు కొట్టి, లోపలికి టార్చి వేసి చూసుకుని, అప్పుడు కాలు పెట్టాడు.